నలభై దగ్గర ఆగిపోయే హార్డ్ డిస్కులు

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ నెమ్మదించిందని చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఏ కౌంటర్ దగ్గర చెప్పినా మూడు జవాబుల్లో ఒకటి వస్తుంది. కేబుల్ మార్చండి, ఫార్మాట్ కొట్టండి, డిస్క్ పోయింది కొత్తది తీసుకోండి. ఇంటికొచ్చి సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మేనల్లుణ్ణి అడిగితే నాలుగోది దొరుకుతుంది: "డ్రైవర్లు అప్‌డేట్ చేసి చూడు మావయ్యా." నాలుగింట్లో ఏదీ అబద్ధం కాదు. ఎక్కడో ఒకచోట ఎవరికో ఒకరికి పనిచేసినవే. కాకపోతే జబ్బేమిటో తేల్చకుండానే మందు చేతిలో పెడుతున్నారు. పైగా ఈ మందుల్లో ఒకటి ఫైళ్లన్నీ చెరిపేస్తుంది, ఇంకొకటి అయిదారు వేల రూపాయలు తింటుంది.

ఈ వ్యాసం ఆ నాలుగు సలహాలనూ, వాటి చుట్టూ ఉన్న మరికొన్నిటినీ బేరీజు వేయడానికి. నా వాదన ముందే చెప్పేస్తాను: కాపీ అవుతున్నప్పుడు తెర మీద కనిపించే అంకే చాలావరకు జబ్బు పేరు చెప్పేస్తుంది. ఆ అంకెను చూడకుండా చేసే వైద్యమంతా గుడ్డిదే.

రిచీ స్ట్రీట్ పేరుకు ఒక వీధి. నిజానికి మౌంట్ రోడ్డు నుంచి చింతాద్రిపేట వైపు నరసింగపురం వీధి, మీరాన్ సాహిబ్ వీధి, వాలర్స్ రోడ్డు కలిసి అల్లుకున్న ఎలక్ట్రానిక్స్ బజారు. నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి నుంచి పొద్దున రైలెక్కి వచ్చి సాయంత్రానికి సరుకుతో తిరిగి వెళ్లే తెలుగువాళ్లకు ఇది కొత్త చోటు కాదు. వాళ్లలో పెళ్లి ఫోటోగ్రాఫర్లకు ఈ సమస్య అందరికంటే బాగా తెలుసు. రెండు కెమెరాల 4కే వీడియో, వేల ఫోటోలు కలిపితే ఒక ముహూర్తానికి 500 జీబీ కావడం ఇప్పుడు వింతేమీ కాదు. అది సెకనుకు 120 ఎంబీ చొప్పున కాపీ అయితే గంటా పది నిమిషాల పని. 35 చొప్పున అయితే నాలుగు గంటలు. సినిమా వాళ్లదీ ఇదే బాధ. ఎల్.వి. ప్రసాద్ 1976లో మద్రాసులో పెట్టిన ఫిల్మ్ ల్యాబ్ రోజుల్లో ఎడిటర్ దగ్గరికి రీళ్ల డబ్బాలు వచ్చేవి. ఇప్పుడు సాలిగ్రామం, వడపళని ఎడిటింగ్ గదులకు వచ్చేవి డిస్కులు. డిస్క్ నెమ్మదిస్తే గది అద్దె మాత్రం నెమ్మదించదు.

అంకె అర్థం కావాలంటే ముందు ఒక చిన్న లెక్క తెలియాలి. పెట్టె మీద, పోర్టు పక్కన రాసే వేగాలు బిట్లలో ఉంటాయి. కాపీ చేసేటప్పుడు కంప్యూటర్ చూపేవి బైట్లు. ఎనిమిదితో భాగించాలి. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకు 480 మెగాబిట్లు, అంటే కాగితం మీద 60 ఎంబీ. మాటామంతీ ఖర్చులు పోగా చేతికొచ్చేది 30 నుంచి 40. 2008 నాటి యూఎస్‌బీ 3.0 చెప్పేది 5 గిగాబిట్లు. అందులో 400 ఎంబీకి అటూఇటూగా నిజంగా అందుతాయి. తరవాత 10, 20, 40 గిగాబిట్ల రకాలు వచ్చాయి. అయితే ఇదంతా తీగకున్న సత్తా. లోపల తిరిగే పళ్లేనికి దీనితో సంబంధం లేదు. నిమిషానికి 5400 చుట్లు తిరిగే రెండున్నర అంగుళాల డిస్క్ ఎంత మంచిదైనా పళ్లెం బయటి అంచున 100 నుంచి 140 ఎంబీ ఇస్తుంది. లోపలి అంచుకు వచ్చేసరికి అందులో సగానికి దిగుతుంది, ఎందుకంటే లోపలి చుట్టు చిన్నది, ఒక్క చుట్టుకు డిస్క్ చదివే తల కింద నుంచి పోయే సమాచారమూ తక్కువే. డిస్క్ నిండేకొద్దీ వేగం తగ్గడం రోగం కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. "10 జీబీపీఎస్" అని పెట్టె మీద రాసి ఉన్న హార్డ్ డిస్క్ 120 దగ్గరే ఉందని ఫిర్యాదు చేసేవాళ్లను చూశాను. ఆ డిస్క్ తప్పేమీ లేదు, తప్పంతా ఆ రాతది.

పేర్ల గందరగోళం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇంటెల్‌లో పనిచేసిన వడోదర వాసి అజయ్ భట్ బృందం యూఎస్‌బీని తెచ్చినప్పుడు ఉద్దేశం, ఎవరికీ ఆలోచించాల్సిన పని లేకుండా ఒకే ప్లగ్గు ఉండాలని. ప్లగ్గు దాదాపు ఒకటే మిగిలింది గానీ, పేర్లు మాత్రం పెరిగాయి. 3.0 అన్నదాన్నే ఆ తరవాత 3.1 జెన్ 1 అన్నారు, మళ్లీ 3.2 జెన్ 1 అన్నారు. మూడూ ఒకటే, 5 గిగాబిట్లే. పెద్ద అంకె చూసి పెద్ద వేగమని కొనేవాడి జేబుకు చిల్లు. చివరికి యూఎస్‌బీ ప్రమాణాల సంస్థే, పేర్లు వదిలేసి వేగాన్నే రాయమని తయారీదారులకు చెప్పాల్సి వచ్చింది.

ఇక పరీక్ష. ఒకే ఒక పెద్ద ఫైలు, పది జీబీల సినిమా లాంటిది, కాపీ పెట్టి రెండు మూడు నిమిషాలు గమనించాలి. మొదటి కొన్ని సెకన్ల అంకెను పట్టించుకోవద్దు. అది ర్యామ్ చూపించే దర్జా. తరవాత స్థిరపడ్డ అంకె అసలుది.

ఆ అంకె ఉన్నట్టుండి సున్నాకు పడి, అర నిమిషం అక్కడే ఉండి, మళ్లీ లేచి, మళ్లీ పడుతుంటే, డిస్క్ లోపలి నుంచి టిక్కు టిక్కు మని చప్పుడు వస్తుంటే, ఫోల్డర్ తెరవడానికే నిమిషం పడుతుంటే, కేబుల్ గురించీ డ్రైవర్ల గురించీ ఆలోచించే సమయం దాటిపోయింది. పళ్లెం మీద ఒక సెక్టరు చదవడం కుదరకపోతే డిస్క్ వెంటనే చేతులెత్తేయదు. మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, అంతసేపూ మిగతా పనంతా ఆగిపోతుంది. మనకు నెమ్మదిగా కనిపించేది ఆ పోరాటమే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం డిస్క్ తన గురించి తాను రాసుకునే స్మార్ట్ చిట్టాను చూపిస్తుంది. అందులో రెండు వరసలు చాలు. 5వ నంబరు, చెడిపోయి పక్కన పెట్టిన సెక్టర్ల లెక్క. 197, చదవలేక అనుమానంలో పెట్టినవి. ఈ రెండింటి అసలు విలువ సున్నా ఉండాలి. 197 దగ్గర సున్నా కాకుండా ఏదున్నా, అది వారం వారం పెరుగుతున్నా ఆ డిస్క్‌ను ఇక నమ్మడానికి లేదు. కొన్ని పెట్టెల్లోని చిప్పు ఈ చిట్టాను బయటికి రానివ్వదు. అప్పుడు చప్పుడే సాక్ష్యం.

ఈ స్థితిలో చాలామంది చేసే పని విండోస్‌లోని చెక్‌డిస్క్ నడపడం. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే హానికరమైన సలహా ఇదే. చెక్‌డిస్క్ పని ఫైల్ వ్యవస్థను సరిచేయడం, మీ ఫైళ్లను కాపాడటం కాదు. స్లాష్ ఆర్ పెట్టి నడిపితే డిస్క్ మొత్తాన్నీ గంటల తరబడి చదివిస్తుంది. ఆయాసపడుతున్న డిస్క్ ఆ పరుగులోనే ఆగిపోవచ్చు. ముందు కావలసిన ఫైళ్లు, ప్రాధాన్యం ప్రకారం, వేరే చోటికి తీసుకోవాలి. అదీ కుదరకపోతే లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ ఉంది. అది చదవగలిగిన భాగమంతా మొదట లాగేసి, మొండికేసిన చోట్ల దగ్గరికి తరవాత తిరిగి వస్తుంది, ఎంతదాకా వచ్చిందో రాసిపెట్టుకుంటుంది. చెన్నైవాళ్లకు ఇంకో మాట. 2015 డిసెంబరు వరదల్లాగా నీళ్లు ఇంట్లోకి వచ్చి డిస్క్ తడిస్తే, ఎండబెట్టి ఒకసారి పెట్టి చూద్దామనుకోవద్దు. మామూలు హార్డ్ డిస్క్‌కు గాలి ఆడే సన్నని రంధ్రం ఉంటుంది, నీళ్లు లోపలికి పోతాయి. కరెంటు ఇవ్వకుండా డేటా రికవరీ చేసేవాళ్లకు అప్పగించడమే దారి.

స్మార్ట్ చిట్టా శుభ్రంగా ఉందనుకుందాం. అప్పుడు అంకె 30కీ 40కీ మధ్య, గీత గీసినట్టు నిలబడి ఉందా? అయితే మీ డిస్క్‌కు ఏమీ కాలేదు. అది యూఎస్‌బీ 2.0లో మాట్లాడుతోంది. హార్డ్ డిస్క్ తన సొంత కారణాలతో నెమ్మదిస్తే అంకె ఊగుతుంది. ఇంత నిటారుగా నిలబడదు. నన్నడిగితే, రిచీ స్ట్రీట్‌కు "పోయాయి" అని వచ్చే డిస్కుల్లో కొన్నైనా ఈ కోవలోవే.

ఎందుకిలా జరుగుతుందో ప్లగ్గును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. యూఎస్‌బీ 3.0 ప్లగ్గులో తొమ్మిది పిన్నులు. ముందు నాలుగు పాత 2.0వి, వెనక కాస్త లోపలగా అయిదు కొత్తవి. ఆ అయిదింట్లో ఒక్కటి సరిగా అంటకపోయినా కంప్యూటర్ ఏ గొడవా చేయకుండా పాత నాలుగింటితో పని కానిచ్చేస్తుంది. ప్లగ్గును మెల్లగా తోసినా ఇదే తంతు: ముందున్న నాలుగు మొదట తగులుతాయి, కంప్యూటర్ తొందరపడి 2.0గా పోల్చుకుంటుంది. బయటికి తీసి ఒక్క ఊపున పూర్తిగా లోపలికి నెడితే వేగం మూడింతలు కావడం మంత్రమేమీ కాదు. తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ లాంటి సముద్రం పక్క ఇళ్లలో ఉప్పుగాలికి ఇత్తడి తాళాలే నల్లబడతాయి, ఈ సన్నని పిన్నులు ఎంత. కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క చాలు, గరుకు కాగితం మాత్రం వద్దు.

హార్డ్ డిస్క్ వైపు ఉండే వెడల్పాటి, రెండు భాగాల పోర్టు ఇంకో ఉచ్చు. అందులో పెద్ద భాగంలో పాత ఫోన్ల మైక్రో యూఎస్‌బీ ప్లగ్గు చక్కగా పడుతుంది. డిస్క్ తిరుగుతుంది, ఫైళ్లు కనిపిస్తాయి, వేగం మాత్రం 2.0. అసలు కేబుల్ పోగొట్టుకున్నవాళ్లు తరచూ ఇక్కడే ఇరుక్కుంటారు. సీ టైప్ వచ్చాక పరిస్థితి ఇంకా ముదిరింది, ఎందుకంటే ఫోన్‌తో ఇచ్చే చార్జింగ్ కేబుళ్లలో చాలావాటికి లోపల 2.0 తీగలే ఉంటాయి, బయటికి అవీ, వేగమైనవీ ఒకేలా కనిపిస్తాయి. కౌంటర్ దగ్గర సంభాషణ ఇలా నడుస్తుంది.

"అన్నా, ఇది త్రీ పాయింట్ ఓ కేబులేనా?"

"వర్క్ అవుతుంది సార్. చార్జింగ్ అవుతుంది, డేటా కూడా పోతుంది."

వర్క్ అవుతుంది, నిజమే. అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు.

కాబట్టి కేబుల్‌ను చూసి కాక, కనెక్షన్‌ను చూసి తేల్చుకోవాలి. మ్యాక్‌లో సిస్టం ఇన్ఫర్మేషన్ తెరిచి యూఎస్‌బీ వరసలో డిస్క్ పేరు మీద నొక్కితే, 480 మెగాబిట్లో 5 గిగాబిట్లో అక్కడే రాసి ఉంటుంది. లినక్స్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశానికి హైఫన్ టీ చేరిస్తే చివర 480ఎం అనో 5000ఎం అనో వస్తుంది. విండోస్‌కు యూఎస్‌బీ డివైస్ ట్రీ వ్యూయర్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. విండోస్ ఒక్కోసారి తానే మూలన చెబుతుంది, ఈ పరికరం ఇంకా వేగంగా పనిచేయగలదు అని. మనం దాన్ని ప్రకటన అనుకుని మూసేస్తాం. 480 కనిపిస్తే పోర్టు మార్చాలి, తరవాత కేబుల్ మార్చాలి, ఈ వరసలోనే, ఎందుకంటే పోర్టు మార్చడానికి పైసా ఖర్చు లేదు. డెస్క్‌టాప్ క్యాబినెట్ ముందు పోర్టుల్లో కొన్నింటికి లోపల 2.0 తీగే ఇచ్చి ఉంటారు. వెనక బోర్డు మీదున్నవి నమ్మకం. హబ్బు, పొడిగింపు తీగ, మూడు మీటర్ల కేబుల్, ఇవన్నీ పక్కన పెట్టి డిస్క్‌తో వచ్చిన పొట్టి తీగతోనే చూడాలి. ఆ తీగ అంత పొట్టిగా ఉండటం కంపెనీ పిసినారితనం కాదు.

కరెంటు సంగతి దీనికి తోబుట్టువు. 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు, 3.0 ఇచ్చేది 900. రెండున్నర అంగుళాల డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో దాదాపు ఒక యాంపు అడగవచ్చు. సరిపోకపోతే తిరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది. పాపప్ వస్తూ పోతూ ఉంటుంది. వెలుతురు చూసి కరెంటు ఉందనుకోవద్దు, ఎల్ఈడీకి చాలా తక్కువ చాలు.

ఇప్పుడు అసలు చిక్కుముడి. అంకె 110 దగ్గర దర్జాగా మొదలై, ఇరవై ముప్పై జీబీలు రాశాక 20కో 15కో జారిపోయి అక్కడే పడి ఉంటుంది. చదివేటప్పుడు మాత్రం డిస్క్ బాగానే ఉంటుంది. కేబుల్ మార్చినా, పోర్టు మార్చినా ఫలితం లేదు. దీనికి కారణం ఎస్ఎంఆర్ అనే రాత పద్ధతి. ఒకే పళ్లెం మీద ఎక్కువ పట్టించడానికి ఇందులో ట్రాకులను పెంకుటిల్లు కప్పినట్టు ఒకదాని అంచు మీద ఇంకొకటి వచ్చేలా పరుస్తారు. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీదున్న వరసంతా తీసి మళ్లీ కప్పాలి. అందుకని డిస్క్ కొత్త సమాచారాన్ని ముందు ఒక మామూలు జాగాలో గబగబా దింపుకొని, తీరిక దొరికినప్పుడు లోపల సర్దుకుంటుంది. పెళ్లి ఫుటేజి లాంటిది ఆగకుండా కురిస్తే ఆ జాగా నిండిపోతుంది, అప్పుడు రాయడమూ సర్దడమూ ఒకేసారి చేయాలి. బజార్లో దొరికే 2 టీబీ, ఆపైన జేబు సైజు డిస్కుల్లో చాలా భాగం ఇవే. పెట్టె మీద ఆ ముక్క ఉండదు. వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ శ్రేణిలో కొన్నింటికి ఈ పద్ధతి వాడిందని 2020లో వినియోగదారులు పట్టుకున్నాకే బయటికి చెప్పింది.

దీనికి మందు లేదు, వాడుకే మారాలి. ఒకేసారి 500 జీబీ కుమ్మరించకుండా విడతలుగా రాయడం, కాపీ అయ్యాక వెంటనే పీకకుండా అరగంటైనా కరెంటులో ఉంచడం, డీఫ్రాగ్ జోలికి పోకపోవడం. ఎడిటింగ్ దానిమీదే చేయాలనుకునేవాళ్లకు ఈ డిస్క్ పనికిరాదు. దాచుకోవడానికైతే బంగారం.

చిన్న ఫైళ్ల విషయం త్వరగా ముగించవచ్చు. డిస్క్ తల ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదలడానికి పది, పదిహేను మిల్లీసెకన్లు పడుతుంది. లక్ష చిన్న ఫోటోలు, ఫోన్ వాట్సాప్ ఫోల్డర్, ప్రాజెక్టు కోడ్ లాంటివి కాపీ చేస్తే అంకె 1కో 2కో పడిపోవడం సహజం. ముందు కంప్యూటర్‌లోనే అన్నీ కలిపి ఒక జిప్ చేసి, కుదించకుండా, ఆ ఒక్క ఫైలును పంపితే గంటల పని నిమిషాలకు వస్తుంది. యాంటీవైరస్ ప్రతి ఫైలునూ తెరిచి చూడటం వల్ల కలిగే ఆలస్యం కూడా ఇక్కడే ఎక్కువ. పెద్ద ఫైళ్ల దగ్గర దాన్ని నిందించడం అన్యాయం.

ఫార్మాట్ సలహాకు పాస్ మార్కులు వస్తాయి, అంతకంటే ఎక్కువ రావు. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌ను పాత లినక్స్‌లో వాడితే నెమ్మది, 2021లో 5.15 కెర్నల్‌తో కొత్త డ్రైవర్ వచ్చాక తేడా బాగా తగ్గింది. మ్యాక్ వాడేవాళ్లు తిరిగే హార్డ్ డిస్క్‌ను ఏపీఎఫ్‌ఎస్‌తో ఫార్మాట్ చేస్తే అవస్థ పడతారు, అది ఎస్ఎస్‌డీల కోసం చేసింది. ఈ రెండు సందర్భాల్లో ఫార్మాట్ మారిస్తే ప్రయోజనం ఉంది. మిగతాచోట్ల ఫార్మాట్ చేశాక డిస్క్ చురుగ్గా కనిపించడానికి కారణం ఖాళీ అయిపోవడమే, రాత మళ్లీ వేగమైన బయటి అంచు నుంచి మొదలవుతుంది. నిండగానే పాత కథే.

డ్రైవర్ల సలహా ఒకప్పుడు నిజం. విండోస్ 7కు యూఎస్‌బీ 3.0 సొంతంగా తెలియదు, బయటి డ్రైవర్ తప్పనిసరి. 2012లో విండోస్ 8తో ఆ అవసరం పోయింది, సలహా మాత్రం పోలేదు. విండోస్‌లో నిజంగా చూడాల్సిన అమరిక ఇంకొకటి ఉంది. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి బయటి డిస్కులకు "క్విక్ రిమూవల్" ముందే పెట్టి ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో దాన్ని "బెటర్ పర్ఫార్మెన్స్"కు మారిస్తే రాయడం కొంత మెరుగవుతుంది. కానీ అప్పుడు ఎజెక్ట్ చేయకుండా పీకితే ఫైలు పాడవుతుంది, మన ఇళ్లలో కరెంటు పోయే అలవాటును కూడా లెక్కలో వేసుకోవాలి.

ఎస్ఎస్‌డీ కొంటే ఇవన్నీ తీరతాయా? చాలావరకు తీరతాయి. అయితే చవక ఎస్ఎస్‌డీలు కూడా మొదటి విడత వేగంగా రాసి తరవాత హార్డ్ డిస్క్ కంటే కిందికి జారతాయి; కత్తిరి ఎండల్లో ఏసీ లేని గదిలో అరచేతి సైజు డబ్బా వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, 16 టీబీ అని రాసి రెండు వేలకు అమ్మే నకిలీలు. లోపల చిన్న మెమరీ కార్డు, అబద్ధం చెప్పే చిప్పు. నిండిన తరవాత కొత్త ఫైళ్లు పాతవాటి మీదే పడతాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాం మొత్తం నింపి, తిరిగి చదివి నిజం చెబుతుంది. కొన్న రోజే నడపాలి.

డబ్బా విప్పించి డిస్క్‌ను వేరే డబ్బాలో పెట్టించే ముందు కూడా ఆగాలి. వెస్టర్న్ డిజిటల్ మై పాస్‌పోర్ట్ లాంటి చాలావాటిలో యూఎస్‌బీ పోర్టు డిస్క్ బోర్డు మీదే అతికి ఉంటుంది, సాటా పోర్టే ఉండదు. పోర్టు ఊడితే బోర్డు పని తెలిసినవాళ్ల దగ్గరికే వెళ్లాలి.

చిక్కంతా ఇక్కడికి వచ్చి ఆగుతుంది: కేబుల్ వేగం తరచూ కేబుల్ మీద ఉండదు, రాత పద్ధతి డిస్క్ పెట్టె మీద ఉండదు. బిస్కెట్ పొట్లం మీద బరువూ ధరా రాయించే దేశంలో ఈ రెండు ముక్కలు ముద్రించడం తయారీదారులకు పెద్ద పనేమీ కాదు, కొనేవాళ్లు అడగకే రాయడం లేదు. ఈసారి కొనేటప్పుడు రెండు ప్రశ్నలు వేయండి: ఈ డిస్క్ ఎస్ఎంఆరా, కాదా? ఈ తీగ ఎన్ని గిగాబిట్లది? "వర్క్ అవుతుంది సార్" అన్నదే జవాబైతే పక్క దుకాణానికి నడవండి. రిచీ స్ట్రీట్‌లో దుకాణాలకు కొదవ లేదు.